రిటైరయ్యాక అన్నీ ఉన్నా రుచి లేదు: ఒక ఆర్టీసీ అన్న ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఆర్టీసీ గ్యారేజీలో 34 ఏళ్లు మెకానిక్‌గా చేసి పోయినేడు రిటైరయినాను. చివరి పదిహేనేళ్లూ కొండకు పోయే బండ్లే చూసినాను. తెల్లారి నాలుగింటికి లేచి, పండగా పబ్బం లేకుండా బతికిన మనిషిని. అందుకే ఇక మిగిలిన కాలమంతా సుఖపడాలని రిటైరైన రోజే ఒట్టు పెట్టుకున్నాను. పెద్ద టీవీ, ఏసీ, వెనక్కి వాలే కుర్చీ కొన్నాను. ఊటీ, కన్యాకుమారి, కాశీ అయ్యాయి. వారానికి మూడుసార్లు హోటల్ భోజనం, సాయంత్రం స్నేహితులతో పేకాట, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో వీడియోలు. మొదట్లో స్వర్గం అనిపించింది. ఇప్పుడు ఏదీ రుచించడం లేదు. మా ఆవిడ ‘ఇంట్లో ఉన్నా లేనట్టే ఉన్నారు’ అంటుంది. స్నేహితుడు ‘నీకు ఖర్చు పెట్టడం చేతకాదు, సింగపూర్ పోదాం పద’ అంటాడు. మా పెద్దన్న ‘ఈ వయసులో కోరికలేంది, చంపుకుని దేవుడి మీద మనసు పెట్టు’ అంటాడు. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్న మా ఊరి పిల్లోడు ఏదో లారీ బ్రేకు పట్టుబడక రమ్మని ఫోన్ చేస్తే, రిటైరయినాను నాయనా అని పెట్టేశాను. సుఖపడాలనుకోవడం తప్పా? ఇంకా గట్టిగా సుఖపడితే ఈ వెలితి పోతుందా, లేకపోతే అన్నీ వదిలేయాలా? ఇంకో మాట. రోడ్డు మీద బస్సు బ్రేకేస్తే ఆ చప్పుడుకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. ‘లైనర్లు అరిగినాయి’ అనుకుని మళ్లీ పడుకుంటాను. నవ్వకండి.

జవాబు:

అన్నా, నవ్వలేదు. మీ ఉత్తరం మొత్తంలో ప్రాణమున్న మాట అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబు చెప్పాలి.

సుఖపడాలనుకోవడం తప్పు కాదు. అన్నేళ్లు బండి కింద వెల్లకిలా పడుకుని గ్రీజూ మసీ మీద పోసుకున్న మనిషి ఎనిమిదింటి దాకా నిద్రపోతే, ఏసీ వేసుకుంటే, ఊటీ చూస్తే దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ డబ్బు మీ చెమట. ఈ విషయంలో మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇంకా గట్టిగా సుఖపడితే వెలితి పోతుందా అన్నదానికి మాత్రం నా జవాబు, పోదు. ఇప్పుడు చేస్తున్నదాన్నే ఇంకాస్త పెంచితే ఆ వెలితి ఇంకాస్త పెరుగుతుంది.

మీ వాలుకుర్చీనే తీసుకోండి. డ్యూటీ రోజుల్లో షిఫ్టు దిగి, చేతులకంటిన గ్రీజు కడుక్కుని, బయట టీ కొట్టు బల్ల మీద కూర్చున్న పది నిమిషాలు గుర్తు తెచ్చుకోండి. ఆ బల్లకు ఆనుకోవడానికి వెనకాల ఏమీ ఉండదు. అయినా ఎంత హాయి! ఆ హాయి బల్ల ఇచ్చింది కాదు. అలసిన నడుము ఇచ్చింది, ఇవాళ్టి పని అయిపోయిందన్న నిమ్మళం ఇచ్చింది. ఇప్పుడు నడుము అలవడం లేదు, పూర్తి కావాల్సిన పనీ లేదు. కుర్చీ ఎంత మెత్తనిదైనా, పొద్దున్నుంచీ అందులోనే ఉన్న ఒంటికి ఆ మెత్తదనం తెలియదు. టీవీ అయినా, ఏసీ అయినా, హోటల్ బిర్యానీ అయినా ఇంతే. కొత్తలో ఉబ్బితబ్బిబ్బవుతాం, కొన్నాళ్లకు అది మామూలైపోతుంది, ఆ తర్వాత అది లేకపోతే చిరాకు మొదలవుతుంది. ఇది మీ ఒక్కరి లోపం కాదు, మనిషి మనసు తయారైన తీరే అంత.

ఫిలిప్ బ్రిక్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1978లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక పరిశీలన ప్రచురించారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పెద్ద లాటరీ తగిలిన 22 మందిని, ఏ లాటరీ తగలని మరో 22 మందితో పోల్చి చూశారు. లాటరీ తగిలినవాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. నన్ను పట్టి ఆపింది అది కాదు, దాని వెనకాల ఉన్న ఇంకో సంగతి. స్నేహితుడితో కబుర్లు, టీవీ చూడటం, పొద్దున టిఫిను తినడం, ఒక జోకు వినడం, ఇలాంటి చిన్నచిన్న వాటిలో దొరికే ఆనందం వాళ్లకు మిగతావాళ్లకంటే తగ్గింది. అది చిన్న పరిశీలనే, దాని మీదే జీవితాలు తేల్చేయకూడదు. కానీ మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. వదిన చేసే రాగి సంగటి, ఊరిబిండి ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తున్నాయి? షిఫ్టు దిగి వచ్చి తిన్నప్పుడు ఎలా ఉండేవి? ఎవరికీ చెప్పనక్కర్లేదు, మీలో మీరు అనుకోండి.

ఇక ఫోన్ సంగతి. రాత్రి ఒంటిగంటకు ఆ వీడియోలు చూస్తున్నప్పుడు మీరు నిజంగా ఆనందిస్తున్నారా? నా అనుమానం, లేదని. వేలు జరుపుతూనే ఉంటారు, చూసినదేదీ మనసులో నిలవదు, ఆపాలనిపించినా ఆపలేరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నారు. ఒకటి కావాలని లాగడం వేరు, అది దొరికాక బాగుందనిపించడం వేరు, మెదడులో ఈ రెండింటి దారులూ వేరని ఆయన చూపించారు. డోపమైన్ అన్న మాట మీరూ వినే ఉంటారు. అది ముఖ్యంగా ఆ లాగుడుకు సంబంధించింది. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి దగ్గరికి పోవడమే మానేశాయి. కానీ నోట్లో చక్కెర నీళ్లు పోస్తే మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కున్నాయి. అంటే రుచి తెలుస్తోంది, లాగుడు లేదు. మనుషుల్లో దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. రుచి పోయాక కూడా లాగుడు మిగిలిపోతుంది. మీ ఒంటిగంట రాత్రులు అవే. దాన్ని సుఖం ఖాతాలో వేసుకుని ‘ఇంత సుఖపడుతున్నా తృప్తి లేదే’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అందులో మొదటినుంచీ సుఖం పెద్దగా లేదు.

మీ స్నేహితుడి వాదన పాతదే. సుఖమే జీవితానికి గమ్యమని ధైర్యంగా చెప్పిన పెద్దలు ఉన్నారు. గ్రీకు దేశంలో క్రీ.పూ. 341లో పుట్టిన ఎపిక్యురస్ వాళ్లలో ముఖ్యుడు. ఆయన పేరు చెబితే జనం విందులూ విలాసాలూ అనుకుంటారు. ఆ మనిషి ఏథెన్సులో ఒక తోట కొనుక్కుని, స్నేహితులతో కలిసి రొట్టె, నీళ్లతో గడిపాడు. కావాలనుకున్నప్పుడు విందు చేసుకుంటాను, ఒక చిన్న కుండెడు జున్ను పంపించు అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఒంటికి నొప్పి లేకపోవడం, మనసుకు కలవరం లేకపోవడం, పక్కన స్నేహితులు, ఇదీ ఆయన లెక్కలో పెద్ద సుఖం. సుఖం కోసమే బతకాలన్న మనిషే చివరికి తేల్చింది ఇది. మీ స్నేహితుడు మాత్రం ఇది చాలకపోతే దానికంటే పెద్దది, అదీ చాలకపోతే ఇంకా దూరం అంటున్నారు. ఆ దారికి అంతు ఉండదు.

మీ పెద్దన్న మాటతోనూ నేను ఏకీభవించలేను. కోరికలు చంపుకోమనడం తేలికే. చంపుకోగలిగిన వాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. చంపుకున్నామనుకుని లోపల చేదెక్కిన వాళ్లు చాలామందే కనిపించారు. అసలు సుఖాన్ని అంత దూరం పెట్టిన సంప్రదాయం కాదు మనది. ధర్మం, అర్థం, మోక్షం వరుసలోనే కామాన్నీ కూర్చోబెట్టారు. తిరుమల గుడిలో తాళపాక అర అనే చిన్న గదిలో దొరికిన రాగిరేకుల మీద అన్నమయ్య ఆధ్యాత్మిక సంకీర్తనలకంటే శృంగార సంకీర్తనలే ఎక్కువ. దేవుడి మీద మీకు నిజంగా మనసుంటే సంతోషంగా వెళ్లండి. కానీ పొద్దు గడవక, మిగతావన్నీ విసుగెత్తి వెళ్తే, అక్కడా నాలుగు నెలలకు ఇదే విసుగు పుడుతుంది. భక్తిని మీ టీవీ పక్కన ఇంకో కాలక్షేపంగా పెట్టినట్టవుతుంది.

మరి ఏం కావాలి? మీరు కొన్నేళ్లపాటు కళ్లెదుట చూసినదే చెప్తాను. అలిపిరిలో బస్సు ఎక్కితే గంటలోపే కొండ మీద ఉంటాం. దాని పక్కనే జనం చెప్పులు విడిచి సుమారు 3,550 మెట్లు ఎక్కడం మొదలుపెడతారు. గాలిగోపురం చేరేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది. అక్కడ కాస్త ఊపిరి తీసుకుంటారు, తర్వాత కొంతదూరం నడక సాగుతుంది, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ కాళ్లు వణుకుతాయి. ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ వంగి లేస్తూ ఎక్కే ఆడవాళ్లుంటారు. భుజం మీద పిల్లను మోస్తూ ఎక్కే తండ్రులుంటారు. పైకి చేరాక వాళ్లను అడిగితే ఒక్కరు కూడా సుఖంగా వచ్చామని చెప్పరు. రెండు రోజులపాటు పిక్కలు పట్టేసి మెట్టు దిగలేరు. కానీ ఆ రోజును ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. మనిషికి కావాల్సింది సుఖం ఒక్కటే అయితే ఆ దారి ఎప్పుడో ఖాళీ అయిపోయేది.

బస్సును తక్కువ చేసి మాట్లాడటం లేదన్నా. మెట్లెక్కలేని ముసలివాళ్లు, బాలింతలు, ఆపరేషన్ అయినవాళ్లు మీ చేతి మీద నమ్మకంతోనే కొండ చూశారు. ఇక్కడే ఆ బ్రేకు చప్పుడు దగ్గరికి వస్తున్నాను.

పోయేవాళ్లకు అది ఉత్త చప్పుడు. మీ చెవికి మాత్రం అందులో లైనరు ఎంత అరిగిందో వినిపిస్తుంది. ఆ చెవి ఒక్కరోజులో రాలేదు. కొండ దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. నిండా జనంతో దిగే బండిని డ్రైవరు ఎంత చిన్న గేరులో దింపినా లైనర్లు కాగుతాయి, కాలిన వాసన వస్తుంది. ఆ బండి డిపోకు వచ్చాక బండి కింద గుంతలా ఉండే పిట్‌లోకి దిగి, టార్చి వేసి, లైనరు ఎంత మిగిలిందో చూసి, బ్రేకు బిగువును సరిచూసే స్లాక్ అడ్జస్టర్ సరిచేసి, ఎయిర్ ఎక్కడైనా లీకవుతోందేమోనని చెవి పెట్టి, చక్రం నట్లను చిన్న సుత్తితో ఒక్కొక్కటీ తట్టి, చప్పుడు తేడాను బట్టి వదులైనది పట్టుకుని, ఇక బండి పోవచ్చు అని చెప్పింది మీరు. ఆ బండిలో కూర్చున్న ఎవరికీ మీ పేరు తెలియదు. మలుపులో పక్కకు ఒరిగి ‘గోవిందా’ అని మళ్లీ సర్దుకుని కూర్చున్నవాళ్లకు, ఆ మలుపు క్షేమంగా తిరగడంలో మీ సుత్తి దెబ్బ ఉందని తెలియదు. మీకు తెలుసు.

అది సుఖం కాదు. తెల్లారి నాలుగింటికి పిట్‌లోకి దిగడం ఎవరికీ సుఖం కాదు. కానీ మీ ఉత్తరంలో ఊటీ గురించి ఒక్క మాట కూడా వివరంగా రాయలేదు. అక్కడ ఏం చూశారో, ఏం తిన్నారో, చలి ఎలా ఉందో ఏమీ లేదు. లైనరు గురించి మాత్రం నిద్రలో కూడా మనసు కదులుతోంది. మీకు చేతనైనదీ, నలుగురికి అవసరమైనదీ ఒకేచోట కలిసిన పని మీకు ఇన్నేళ్లు ఉండేది. నిండుదనం అక్కడినుంచి వచ్చింది. టీ కొట్టు దగ్గరి హాయి దాని వెంట అడగకుండానే వచ్చింది. రిటైరయ్యాక మీరు పని వదిలేసి హాయిని మాత్రం పట్టుకున్నారు. అదొక్కటే నిలబడలేకపోతోంది.

మళ్లీ డ్యూటీలో చేరమని నేను చెప్పడం లేదు. ఆ ఉద్యోగంలో పనితోపాటు టెన్షన్ ఉంది, చీవాట్లు ఉన్నాయి, పిల్లల పండగలు పోగొట్టుకున్న బాధ ఉంది. అవేవీ తిరిగి రానక్కర్లేదు. ఆ చెవి, ఆ చేయి మాత్రం ఊరికే పోకూడదు.

కాబట్టి ఆటోనగర్ పిల్లోడికి ఫోన్ చేయండి. ఆ రోజు అతను మీ దగ్గర అడిగింది చాకిరీ కాదు, మీకు తెలిసిన విద్య. అతని షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉంటారు. యూట్యూబ్ చూసి బ్రేకులు విప్పేవాళ్లు కూడా ఉంటారు. సుత్తి తట్టి చప్పుడు వినడం వాళ్లకు ఎవరు నేర్పుతారు? 2022 నుంచి కొండకు ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి కదా, నా విద్యకు ఇంకా విలువేముంది అని మీకు అనిపించవచ్చు. ఇంజిను మారినా కొండ వాలు మారలేదు. దిగే బండికి, అది ఏ బండైనా, బ్రేకే ప్రాణం. రోడ్ల మీద తిరిగే లారీలు, స్కూలు బస్సులు ఇప్పటికీ ఇలాంటి షెడ్లకే వస్తున్నాయి. నేర్పడంలో కష్టం ఉంటుంది, విసుగొస్తుంది, కుర్రాళ్లు చెప్పింది వినరు. అయినా వెళ్లండి. ఒక కుర్రాడు మొదటిసారి మీరు చెప్పకముందే ‘సార్, ఈ నట్టు వదులైంది’ అన్న రోజు మీకు కలిగేదాన్ని ఏ టికెట్టూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. మీ ఉత్తరంలో వదిన ఒకే ఒక్క మాటలో ఉన్నారు, అదీ ఫిర్యాదు చేస్తూ. ఆ ప్రయాణాల్లో ఆమె ఉన్నారో లేరో కూడా నాకు తెలియలేదు. మీరు నాలుగింటికి లేచారంటే క్యారియర్ కట్టడానికి ఆమె మూడున్నరకే లేచి ఉంటారు. మీకు సన్మానం, శాలువా, రిటైర్మెంట్ డబ్బు వచ్చాయి. ఆమె మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. హోటల్ భోజనం వారానికి ఒక్కసారి చాలు, ఆమెతో కలిసి వెళ్లండి. ఎక్కడికన్నది ఆమెనే చెప్పనివ్వండి. మిగతా రోజుల్లో వంటింట్లో ఒక పని మీరు అందుకోండి, కూరగాయలు తరగడమో, గిన్నెలు కడగడమో. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలైన ఒక పరిశీలన కొన్ని వందల మంది జీవితాలను వాళ్ల ముసలితనం దాకా గమనిస్తూ వచ్చింది. 80 ఏళ్ల వయసులో ఎవరు బాగుంటారో చెప్పడానికి 50 ఏళ్లప్పటి కొలెస్ట్రాల్ కంటే, దగ్గరివాళ్లతో వాళ్ల అనుబంధం ఎలా ఉందన్నదే బాగా పనికొచ్చిందని వాళ్లు తేల్చారు. మీరు ఇంట్లో ఉండీ లేనట్టు ఉన్నారని వదిన అనడం చిన్న మాట కాదు. దాన్ని సణుగుడుగా తీసుకోకండి.

పేకాట మానొద్దు. అక్కడ స్నేహితులున్నారు, డబ్బు పెట్టి ఆడనంతవరకు మంచిదే. ఫోన్ మాత్రం రాత్రి పదింటికి హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టి పడకగదిలోకి వెళ్లండి. మొదటి వారం చేయి దురద పెడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. సింగపూర్ సంగతి వదినతో మాట్లాడాకే తేల్చండి. ఆమెకు అన్నవరమో, కూతురి ఊరో, ఇంకేదో మనసులో ఉండొచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ‘ఏదీ రుచించడం లేదు’ అన్న మాట ఒక్కోసారి జబ్బు లక్షణం. రెండు వారాలకు మించి రోజంతా మనసు మొద్దుబారినట్టుండి, నిద్ర, ఆకలి కూడా తగ్గి, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, నేను పైన రాసిన సలహాలతో సరిపెట్టుకోవద్దు. షుగర్, బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. రిటైరైన మగవాళ్లు దీన్ని నామోషీగా అనుకుని దాచుకుంటారు. మీరు నాకు ఇంత విప్పి రాశారు కాబట్టి డాక్టరుకూ చెప్పగలరు.

షెడ్డుకు వెళ్లేది పొద్దున రెండు గంటలే అనుకోండి, వారానికి మూడు రోజులు చాలు. ఎక్కువ పెట్టుకుంటే మళ్లీ పాత ఉద్యోగమే అవుతుంది, వదిన మళ్లీ ఒంటరిగా మిగులుతారు. డబ్బు తీసుకుంటారో లేదో మీ ఇష్టం. కానీ ఎన్ని గంటలకు వస్తారో, ఎన్నింటికి లేచి వెళ్లిపోతారో ఆ పిల్లోడికి ముందే ఖచ్చితంగా చెప్పండి. ఏ రోజులు, ఏ వేళ అన్నది వదినతో కూర్చుని మాట్లాడుకున్నాకే అతనికి ఫోన్ చేయండి.